గోడ దిగిన కర్ర

నేను ఒక జామకొమ్మను, పుట్టుకతో. వృత్తిరీత్యా చేతికర్రను. మధ్యలో పదకొండేళ్లు నటనలో ఉన్నాను, రెండేళ్లు మేకల్ని అదిలించాను, ఆరు వారాలు ఒక అద్భుతానికి రుజువుగా పనిచేశాను. ఈ చివరి ఉద్యోగంలో నేను కోరి చేరలేదు. అందులోంచి నన్ను బయటపడేసిన మనిషి కథ ఇది. కర్రను గనుక మధ్యమధ్యలో నా గొప్ప కూడా చెప్పుకుంటాను, సర్దుకోండి.

చీరాలకు బస్సులో అరగంట దూరాన ఒక ఊళ్లో, చర్చి ఆవరణలో మా చెట్టు ఉండేది. కాయలు చిన్నవి, గింజలు ఎక్కువ. అయినా ఆరాధన మధ్యలో పిల్లలు కిటికీలోంచి దూకి ఆ కాయల కోసం వచ్చేవారు. అది కాయల రుచి వల్ల కాదు, ప్రసంగం పొడుగు వల్ల. మైకు గొట్టానికి అడ్డం వస్తున్నానని ఒకనాడు నన్ను కొట్టేశారు. వడ్రంగి నన్ను చేతిలో తిప్పి, పైకొసన కొక్కెంలాంటి నా వంపు చూసి, "ఈ వంకర దేవుడు పెట్టిందయ్యా, నేను పెట్టేది వార్నీషు ఒక్కటే," అన్నాడు. నన్ను గురించి మనుషులు అన్న మంచిమాటల్లో అదే మొదటిది. రెండోది రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

వంపు ఉన్నందుకు నన్ను క్రిస్మస్ నాటకంలో గొల్లవాడి చేతికిచ్చారు. ఏటా గొల్లవాడు మారేవాడు, నేను మారేవాణ్ని కాదు. ఒక ఏడు పెద్దపిల్లల నాటకంలో సముద్రాన్ని కూడా చీల్చాను. సముద్రమంటే రెండు నీలంరంగు చీరలు. నేను పైకి లేవగానే చెరోపక్కకీ లాగాలి. లాగినప్పుడు ఒక చీర మేకుకు పట్టుకుని పర్రున చిరిగింది. ఆ చీర గలావిడ ముందు బెంచీలోంచి లేచి, సముద్రానికి అడ్డంగా నిలబడి, తన చీర ఎవరు తెమ్మన్నారో చెప్పేదాకా ఒక్కణ్నీ దాటనివ్వలేదు. దూది గడ్డాలూ అట్ట కిరీటాలూ నా కళ్లముందే తయారయ్యేవి. అందుకే నటన అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. అందులో పాపం లేదు, ఎందుకంటే చేసేవాడికీ చూసేవాడికీ అది నటనేనని తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

పిల్లల తలకాయల మీద నన్ను వాడుతున్నారని తెలిసి నాటకం పెద్దలు నన్ను తప్పించారు. ఆ తర్వాత రెండేళ్లు చర్చి క్రోటన్ మొక్కల మీదికి వచ్చే మేకల్ని తోలాను. ఆ రెండేళ్ల గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు. మేకలే గెలిచాయి.

అప్పుడు జ్ఞానరత్నమ్మ చేతికి వచ్చాను.

ఆవిడ ఒక మిషను ఆసుపత్రిలో ముప్పయ్యొక్క సంవత్సరాలు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊరంతటికీ నర్సమ్మ. భర్త పోయి నాలుగేళ్లు. చెల్లెలు సలోమి పక్క వాటాలోనే ఉంటుంది. అరవై తొమ్మిదో ఏట, వర్షాకాలంలో, వాకిట్లో పాచి మీద కాలు జారి నర్సమ్మ తొడ ఎముక విరిగింది. గుంటూరులో లోపల రాడ్డు వేశారు. ఎముక అతికింది గానీ నొప్పి ఇంటికి కూడా వచ్చేసింది. ఎనిమిది నెలలైనా వెళ్లే ఆలోచన చెయ్యలేదు. సలోమి చర్చి గదిలో వెతికి, దుమ్ము దులిపి, నన్ను అక్క చేతికిచ్చింది.

నర్సమ్మ నన్ను పైనించి కిందికి చూసింది, రోగిని చూసినట్టు. కింది కొస అరిగి వాలుగా ఉందని కనిపెట్టింది. అటకమీది డబ్బాలోంచి ఒక పాత సెలైన్ సీసా రబ్బరు మూత తీసి నా కాలికి తొడిగింది. "ఇప్పుడు జారదు," అంది. ఆ రోజు నుంచి నేను జారలేదు.

ఆవిడను పరామర్శించడానికి స్త్రీల సమాజం నుంచి ముగ్గురు వచ్చారు, రొట్టె, బత్తాయిలు, బిస్కెట్ పొట్లం పట్టుకుని. ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న ఆ పాతకాలపు భక్తుడి దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు విప్పలేదని ప్రసంగాల్లో విన్నాను. వీళ్లు చెప్పులు విప్పకముందే నోరు విప్పారు.

"కారణం లేంది దేవుడు ముట్టడు వదినా," అంది మొదటావిడ. "లోపల్లోపల ఏదన్నా ఉంటే ఒప్పేసుకో. తేలికపడతావు."

"లోపల రాడ్డుంది," అంది నర్సమ్మ.

"ఉపవాస ప్రార్థనకి రావడం తగ్గించావు గదక్కా," అంది రెండో ఆవిడ.

మూడో ఆవిడ అసలైన సంగతి కనిపెట్టిన దానిలా ముందుకు వంగింది. "ముప్పయ్యేళ్లు ఆదివారాలు కూడా డ్యూటీ చేశావు నర్సమ్మా. ఆ విశ్రాంతి దినాలన్నీ ఎక్కడికి పోతయ్?"

"చేశానమ్మా. ఆదివారం పుడతన్న పిల్లల్ని సోమారం దాకా ఆగమనలేక చేశాను. అందులో నువ్వూ ఒకదానివి."

ఆవిడ బత్తాయి వొలుచుకోవడం మొదలుపెట్టింది, తను తెచ్చిన వాటిలోంచే.

"పాచి మీద కాలేశాను, జారాను," అంది నర్సమ్మ చివరికి. "ఎందుకు జారనిచ్చాడో ఆయన్ని నేనూ అడుగుతున్నా. చెబితే మీకూ చెబుతా."

అడుగుతున్నానన్నది ఉత్తమాట కాదు. రోజూ తెల్లవారుజామున, కోడి కూయగానే లేచి మంచం అంచున కూర్చుంటుంది. నన్ను మోకాళ్లమీద అడ్డంగా పెట్టుకుంటుంది. ప్రార్థన అనగానే కొందరి గొంతు మారుతుంది, గ్రాంథికం వస్తుంది, 'ఓ ప్రభువా' అంటూ రాగం వస్తుంది. ఈవిడది మాత్రం ఎప్పటి గొంతే, పాలవాడితో మాట్లాడే గొంతు. "తండ్రీ, ఇయ్యాల కూడా నొప్పే. నిన్నటికంటే పిసరెక్కువ. ఎందుకిట్టా చేస్తన్నావో నాకైతే తెలవదు. నీకు తెలిస్తే మంచిదే. చెప్పకపోతే మాత్రం రేపు మళ్లీ అడుగుతా." కాసేపు ఊరుకుంటుంది. జవాబు వినేవాళ్లు కూర్చున్నట్టే కూర్చుంటుంది. తర్వాత నన్ను నేలకు ఆనించి, "సరే, పద," అని లేస్తుంది.

అంత చనువుగా పోట్లాడే మనిషిని నేను నాటకాల్లో కూడా చూడలేదు. మొదట్లో సిగ్గుపడేవాణ్ని, తర్వాత అలవాటైంది.

ఇంతలో చర్చి మైదానంలో మూడు రోజుల స్వస్థత కూటాలు పెట్టారు. మా పాస్టరు కృపానందం ముప్పై మూడేళ్ల మనిషి, మంచివాడు, కష్టపడే రకం. ఎక్కణ్నించో పేరున్న ప్రసంగీకుణ్ని పిలిపించాడు. సలోమి అక్కను వదల్లేదు. "రా అక్కా. రేపీపాటికి పరిగెత్తతావు." "పరుగెందుకే ఈ వయసులో, బాత్రూము దాకా నడిస్తే చాలు," అంటూనే నర్సమ్మ వెళ్లింది. ఆశ లేక కాదు. ఆశ ఉండే వెళ్లింది. నా మీద పడే ఆ చేతి బరువులో నాకు అది తెలిసింది.

మూడో రోజు సాయంత్రం, సన్నగా చినుకులు పడుతుండగా, ప్రసంగీకుడు "కర్రలున్నవాళ్లు ముందుకు రండి!" అని కేకపెట్టాడు. తర్వాత "కర్ర వదిలెయ్!" అన్నాడు. నర్సమ్మ వదిలేలోపే ఒక వాలంటీరు నన్ను లాగేశాడు. మరో ఇద్దరు ఆవిడ రెండు రెక్కలూ పట్టుకున్నారు. నాలుగడుగులు. నేను గాలిలో ఎగురుతూ చూశాను గనుక ఖచ్చితంగా చెప్పగలను. ఆ నాలుగడుగుల్లో ఆవిడ పాదాలు నేలకు తగిలింది రెండే సార్లు. జనం చప్పట్లు కొట్టారు. నేను వేదిక మీద కుప్పలో పడ్డాను.

ఆ కుప్పలో మేం పదకొండు చేతికర్రలం, ఒక చంకకర్రల జత, ఒక నడుం బెల్టు, ఒక గొడుగు. 

గొడుగు సంగతి చెప్పాలి. అది సుందరరావు మేస్త్రిది. ఆయన మోకాళ్లు ఇనప కడ్డీలంత గట్టివి. చినుకు పడుతోందని మడిచిన గొడుగు ఊతంగా పెట్టుకుని, ముందు వరుసలో ఏం జరుగుతోందో చూద్దామని వచ్చాడు. వాలంటీరు ఉత్సాహంలో ఆ గొడుగు కూడా లాగి విసిరాడు. ఆయన కంగుతిని రెండడుగులు ముందుకు వేశాడు. జనం స్తోత్రం చేశారు. అంతమంది సంతోషం చెడగొట్టలేక ఆయన ఇంకో రెండు వేశాడు.

మరుసటి వారం పాస్టరు మా అందరికీ ప్రార్థన మందిరం గోడకు వరసగా మేకులు కొట్టి, తీగతో కట్టి వేలాడదీశాడు. ఒక్కొక్కరి కిందా చీటీ, ఆయన సొంత దస్తూరీతో. నేను ఏడో మేకు. నా చీటీ: 'తొడ ఎముక, సంపూర్ణ స్వస్థత.' ఎనిమిదో మేకు గొడుగుది: 'మోకాళ్లు, విడుదల.' పక్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు మా ముందు నిలబడి ఫోనులో ఫొటోలు తీసుకునేవారు. మ్యూజియంలో వస్తువులకు ఎంత మర్యాద ఉంటుందో, ఎంత విసుగు పుడుతుందో అప్పుడే తెలిసింది.

"మోకాళ్లేంది, మా ఆయన మొన్న కూడా పరంజి ఎక్కాడు," అని గొడుగు వాపోయేది. "రోడ్డు మీద కనపడ్డవాళ్లల్లా ఆయన మోకాళ్లు ముట్టుకుని దణ్ణం పెడుతున్నారంట. వర్షమొస్తే తడుసుకుంటా పోతన్నాడు. అడిగితే సిగ్గుచేటని."

మూడో మేకు మీద ఇత్తడి పొన్ను ఉన్న నల్లకర్ర బర్నబాసు తాతది. అదేం విచిత్రమో, స్వస్థత పొందిన మర్నాటి నుంచి ఆయన ఆరాధనకు రావడం మానేశాడు. శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థనలో 'వెనకబడిపోయిన మా సహోదరుడు బర్నబాసు కోసం' అని కన్నీళ్లతో ప్రార్థించేవారు, ఆయన కర్ర కిందే మోకరించి.

ఆదివారం నర్సమ్మ ఆటో దిగి, సలోమి భుజం పట్టుకుని, నా కింద కుర్చీలో కూర్చుంది. తలెత్తి చూసింది.

"అదేందే సలోమీ, నా కర్ర గోడెక్కింది?"

"సాచ్చ్యం కోసం అక్కా. మాట్టాడమాక."

"సాక్ష్యం అది చెబితే నేనెట్టా నడవాలి?"

"విశ్వాసంతో నడువు."

"విశ్వాసానికి రబ్బరు మూత లేదే. జారుద్ది."

"ష్! పాట మొదలైంది."

నిజంగానే జారింది. మూడో ఆదివారం ఆవిడ మణికట్టుకు కట్టుంది. వంటింట్లో గోడ పట్టుకుని నడుస్తూ పడిందట. "ఎవరన్నా అడిగితే తలుపు తగిలిందని చెప్పు," అని సలోమి చెవిలో చెప్పింది. "తలుపు తగల్లేదే," అంది నర్సమ్మ, కొంచెం గట్టిగానే. సలోమి బాధ కూడా అర్థం చేసుకోదగ్గదే. ఆవిడ స్త్రీల సమాజం కార్యదర్శి. అక్క లేచి నడిచిందని ఒంగోలు దాకా ఉన్న బంధువులందరికీ ఫోన్లు చేసి ఏడ్చి మరీ చెప్పింది. ఇప్పుడు ఆ కన్నీళ్లు వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆవిడకు తెలియడం లేదు.

ఆరో వారం చర్చి వార్షికోత్సవం. ముందురోజు మధ్యాహ్నం మందిరంలో కాగితపు తోరణాలు కడుతున్నారు. స్త్రీల సమాజం ముగిశాక నర్సమ్మ ఆటో కోసం నా కింద కూర్చుంది. పాస్టరు వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆయన్ను కూడా ఆవిడ చేతులే ఈ లోకంలోకి లాగాయి. కాళ్లు ముందు వచ్చిన బిడ్డ. అందుకే ఇతరులకు ఆయన పాస్టరుగారు, ఆవిడకు మాత్రం బాబు.

"అమ్మా, రేపు మీ సాక్ష్యమే ముఖ్యం. జిల్లా పెద్దలు వస్తున్నారు. కార్యక్రమంలో మీ పేరు అచ్చయింది."

"నాక్కర్ర కావాలి బాబూ."

ఆయన గోడ వంక చూశాడు. "అది తీస్తే ఖాళీ కనపడుద్దమ్మా."

"అది లేకపోతే నేను కనపడకుండా పోతాను. ఈసారి తల పగిలేట్టుంది."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు, గొంతు తగ్గించాడు. "నాలుగు కాళ్లది, కొత్తది, నేను తెచ్చిస్తాను. ఇంట్లో వాడుకోండి. గుడికి మాత్రం చెల్లెమ్మగారి భుజం పట్టుకుని రండి. నొప్పి కాస్త ఉన్నా లేదని చెప్పడమే గదమ్మా విశ్వాసమంటే. మీరొక్కరు తగ్గలేదంటే మిగతావాళ్ల విశ్వాసం ఏమవుద్ది? మూడేళ్ల నుంచి ఈ సంఘాన్ని నిలబెడదామని నేను పడే పాట్లు మీకు తెలుసు."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి నాటకం నీళ్లు కాదు, నాకు తేడా తెలుసు. నర్సమ్మకూ తెలుసు. అందుకే కోప్పడలేదు. కట్టున్న చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాబూ, రేపు మైకులో తగ్గిందని చెప్పి, ఎల్లుండి తెల్లారుజామున లేచి 'తండ్రీ, నొప్పి' అన్నాననుకో. ఆయనేమంటాడు? 'నిన్న తగ్గిందన్నావు గదమ్మా' అనడా? అప్పుడు నేను ఆయన దగ్గర కూడా తగ్గినట్టే మాట్టాడాల. ఉన్నదున్నట్టు చెప్పుకోటానికి నాకున్నది ఆ ఒక్క చోటే నాయనా. అది పోగొట్టుకుని నడక తెచ్చుకుని ఏం చేసుకోను? అదీ రాని నడక."

ఆయన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని కుర్చీలోంచి లేచాడు. "ఆలోచించండమ్మా," అన్నాడు. ఎవర్ని ఆలోచించమన్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

ఆటో ఎక్కించేటప్పుడు సలోమి అక్కతో అన్న మాట కిటికీలోంచి నాకు వినపడింది. "నువ్వు గనక రేపు లేదూ గీదూ అన్నావంటే ఊళ్లో నా తలెక్కడ పెట్టుకోను?"

"మెడ మీదే పెట్టుకో. అక్కడైతేనే బాగుంటది."

మర్నాడు మందిరం కిటకిటలాడింది. తోరణాలు, ప్లాస్టిక్ పూలు, బయట షామియానాలో బిర్యానీ వాసన. వేదిక మీద ఇద్దరు జిల్లా పెద్దలు. గోడ మీద మమ్మల్ని తడిగుడ్డతో తుడిచారు. నాకు మళ్లీ నాటకం రోజులు గుర్తొచ్చాయి. కాకపోతే ఈసారి వేషం వేసిందెవరో చూసేవాళ్లకు తెలియదు. ఆవిడ ఆ నాలుగు మాటలూ చెప్పేస్తే నేను ఈ మేకు మీదే చెదలు పట్టేదాకా ఉంటాను. అది పర్వాలేదు, కర్రలకు చెదలు కొత్త కాదు. కానీ తెల్లవారుజామున ఆ మంచం అంచున ఆవిడ ఒక్కతే, మోకాళ్లమీద ఏమీ లేకుండా, ఏం మాట్లాడాలో తెలియక కూర్చోవడం మాత్రం నేను ఊహించలేకపోయాను.

"ఇప్పుడు మన జ్ఞానరత్నమ్మ గారి సాక్ష్యం," అన్నాడు పాస్టరు.

సలోమి భుజం పట్టుకుని ఆవిడ వచ్చింది. మైకు స్టాండును రెండు చేతులా పట్టుకుంది. అది ఊగింది. ఆవిడ దాన్ని నర్సు చూపు ఒకటి చూసింది, అది ఆగింది.

"అందరికీ వందనాలు. నేను ముప్పయ్యొక్కేళ్లు రోగుల జ్వరం చూసి మంచం కాడ చార్టులో రాశాను. నూట రెండుంటే నూట రెండే రాశాను. తగ్గాలని ప్రార్థన చేస్తా రాశాను గానీ, ప్రార్థన చేశాను గదాని తొంభై ఎనిమిదని రాయలా. అట్టా రాస్తే డాక్టరుకి తెలవదు, రోగి పోతాడు. ఇప్పుడు నా చార్టు చదువుతా, వినండి. ఆ రోజు నాలుగడుగులు పడ్డయ్. వేసింది నేను కాదు, రెండు పక్కలా పట్టుకున్న పిల్లలు. వాళ్లని దేవుడు దీవించాల, గట్టి పిల్లలు. నా నొప్పి అట్టాగే ఉంది. మూడు వారాల కింద పడ్డాను, ఇదిగో చెయ్యి. నేనేం పాపం చేశానని ఈ నొప్పి వచ్చిందో వెతికాను. పాపాలు దొరికినయ్, లేకేం, ఒప్పుకున్నాను. నొప్పి మాత్రం పోలా. ఎందుకని దేవుణ్ని రోజూ అడుగుతున్నా. ఆయన చెప్పలా. చెప్పలేదని నేను ఆయన్ని వదల్లా, ఆయనా నన్ను వదల్లా. నొప్పీ ఉంది, ఆయనా ఉన్నాడు. ఇంతే నా సాక్ష్యం. ఇందులో ఎక్కువ రాయలేను, తక్కువా రాయలేను. ఇప్పుడు ఎవరన్నా ఆ ఏడో మేకు మీది కర్ర తీసివ్వండి. కాళ్లు వణుకుతున్నయ్, కూర్చోవాల."

సాక్ష్యం చివర సంఘం 'ఆమేన్' అనడం ఆనవాయితీ. ఎవరూ అనలేదు. ఒక జిల్లా పెద్ద పైన తిరిగే ఫ్యానును శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. సలోమి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. 

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక దగ్గు. సుందరరావు మేస్త్రి లేచాడు.

"పాస్టరు గారూ... మరి... నా గొడుగు కూడా..."

"మీకేమైందండీ?" అన్నాడు పాస్టరు.

"నాకేం కాలేదండి. అప్పుడూ ఏం కాలేదు. వర్షమొస్తందని తెచ్చుకున్నానంతే. ఆరు వారాల నుంచి తడిసి జలుబు పట్టింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీ బెంచీ పాకింది. నవ్వు పూర్తిగా ఆగకముందే ఆడవాళ్ల వైపు నుంచి బర్నబాసు తాత భార్య కాంతమ్మ లేచి నిలబడింది. ఆవిడ నవ్వడం లేదు.

"మా ముసలాయన వెనకబడ్డాడని మీరు ప్రార్థనలు పెడతన్నారంట. ఆయన వెనక బళ్లా, గడప లోపల పడ్డాడు. కర్ర లేంది గుళ్లోకెట్టా వస్తాడయ్యా? ఆదివారమొస్తే మంచంలోనే కూర్చుని మీ మైకులో పాట వినుకుంటా తలూపుతాడు. అడిగి తెమ్మంటే 'దేవుడి పేరు పోద్దేమోనే' అంటాడు. ఆ పొన్ను కర్ర ఇటివ్వండి. దేవుడి పేరు నా ముసలాయన కర్ర మీద నిలబడి లేదు."

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నేనూ చార్టు తప్పు రాసినట్టే. రెండో మేకు మీది పచ్చ వెదురు కర్ర గల రాహేలమ్మ విసురుగా లేచింది. "అదేంది, అందరిదీ అబద్ధమైనట్టు మాట్టాడతారు? నాకు నిజంగానే తగ్గింది! కావాలంటే చూడండి," అని నడవలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది, చేతులు ఊపుకుంటూ. నిజమే, ఆవిడకు తగ్గింది. ఎలా తగ్గిందో నాకు తెలియదు, కర్రను.

నర్సమ్మ ముఖం వెలిగింది. "సంతోషం రాహేలూ. నీ చార్టు నీది. అది నాదాని మీద వేలాడదీయొద్దనే నేనంటన్నా."

పాస్టరు ఇంకా మైకు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ క్షణంలో ఆయన ఏం చేస్తాడో ఆయనకే తెలియదని నాకు అనిపించింది. ఒక పాట ఎత్తుకుంటే చాలు, అంతా అందులో కొట్టుకుపోతుంది. అలాంటి పాటలు ఆయనకు బోలెడు వచ్చు. ఆయన మైకు వదిలేసి, ఒక బల్ల ఈడ్చుకొచ్చి, చెప్పులు విప్పి ఎక్కాడు. తీగ ముడి గట్టిగా వేసింది ఆయనే గనుక విప్పడానికి ఆయనకే ఎక్కువసేపు పట్టింది. నా చీటీ చించి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. కిందికి దిగి నన్ను రెండు చేతులా పట్టుకుని ఆవిడకిచ్చాడు.

"అమ్మా, నేను తప్పు రాశాను," అన్నాడు. మైకు దూరంగా ఉన్నా అందరికీ వినపడింది.

"దిద్దుకుంటే సరిపోద్ది బాబూ. చార్టు అందుకే పెన్సిలుతో రాస్తారు," అంది నర్సమ్మ. అది నిజం కాదు, ఆసుపత్రుల్లో పెన్నుతోనే రాస్తారు. ఆవిడ నోట నేను విన్న ఒకే ఒక్క అబద్ధం అది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆయన మళ్లీ బల్లెక్కి, సంఘం వైపు తిరిగి, ప్రసంగాల్లో ఎప్పుడూ లేని ఒక మామూలు గొంతుతో అడిగాడు: "ఇంకెవరివైనా ఉన్నాయా?"

ఒకావిడ నడుం బెల్టు వైపు వేలు చూపించింది. ఆ తర్వాత వరస కట్టారు. 'ఆమేన్' అప్పుడు వచ్చింది. ఎవరు మొదలుపెట్టారో చూడలేదు గానీ, గొంతు మాత్రం బొంగురుగా, జలుబు పట్టినట్టుగా ఉంది.

భోజనాల దగ్గర సలోమి అక్క మీద మూతి ముడుచుకునే ఉంది. బిర్యానీ ప్లేటు తెచ్చి ముందు నిలబడింది.

"కర్రొచ్చింది గదా. ఇక ప్లేటు నువ్వే పట్టుకో."

"ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ప్లేటు. తినేదెట్టాగే?"

"ఆ సంగతి మైకులో చెప్పాల్సింది," అంది సలోమి. అని, కుర్చీ లాక్కుని, ప్లేటు తన ఒళ్లో పెట్టుకుని, కోడి ముక్కలన్నీ ఏరి అక్క వైపు తోసింది. కాసేపయ్యాక, తల ఎత్తకుండానే, "అంత నొప్పిగా ఉంటదా అక్కా?" అని అడిగింది. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. నర్సమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

జిల్లా పెద్దల్లో రెండో ఆయన వెళ్లబోతూ నన్ను చేతిలోకి తీసుకుని, తూచినట్టు చూసి, "మంచి కర్రమ్మా. ఎక్కడ దొరికింది? నాకూ ఈ మధ్య మోకాలు..." అన్నాడు. నా గురించి మనుషులు అన్న రెండో మంచిమాట అదే.

ఇదంతా జరిగి ఏడాదైంది. మందిరం గోడ మీద ఇప్పుడు పధ్నాలుగు మేకులూ ఒకే ఒక్క కర్రా ఉన్నాయి, రాహేలమ్మ పచ్చ వెదురు. ఆవిడ ప్రతి ఆదివారం దాని కిందే కూర్చుంటుంది, ఎవరైనా అడిగితే బాగుండునన్నట్టు. బర్నబాసు తాత రెండో బెంచీలో కూర్చుని పాటకు తలూపుతాడు. పాస్టరు ప్రసంగాల పొడుగు తగ్గలేదు. పరామర్శకు వచ్చిన ఆ ముగ్గురూ నర్సమ్మకు విశ్వాసం తక్కువని అంటూనే ఉన్నారట. కానీ వాళ్లలో ఒకావిడకు సయాటికా నొప్పి వస్తే, రొట్టె పట్టుకుని సలహా అడగడానికి వచ్చింది ఈవిడ దగ్గరికే.

నా మెడ మీద తీగ కోసిన గాటు ఒకటి ఉండిపోయింది. అక్కడ వార్నీషు పోయింది. రబ్బరు మూత మాత్రం కొత్తది. నొప్పి అలాగే ఉంది. కొన్ని రోజులు తక్కువ, కొన్ని రోజులు ఎక్కువ. ఎందుకో ఆయన ఇంకా చెప్పలేదు.

ఈ తెల్లవారుజామున కూడా కోడి కూయగానే ఆవిడ లేచి మంచం అంచున కూర్చుంది. నన్ను మోకాళ్లమీద అడ్డంగా పెట్టుకుంది. "తండ్రీ, ఇయ్యాల కూడా నొప్పే," అంది, పాలవాడితో మాట్లాడే గొంతుతోనే. కాసేపు ఊరుకుంది. బయట ఎవరో వాకిలి ఊడుస్తున్నారు. తర్వాత నన్ను నేలకు ఆనించి, బరువు నా మీద వేసి, "సరే, పద," అని లేచింది.

ఆ మాట నన్ను అంటుందో, ఆయన్ను అంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. కదలడం మాత్రం ముగ్గురం కలిసే కదులుతాం.